గుండె మీద పిడికిలి

మాత్ర వేసుకున్నాడో లేదో, వేసుకునే ఉంటాడు, పొద్దున వేడి చాక్లెట్ తాగాక జేబులోంచి తీసి అరచేతిలో పెట్టుకోవడమైతే చూసింది, నోట్లో వేసుకోవడం మాత్రం చూడలేదు, సరిగ్గా అప్పుడే లోయిడా వచ్చి నా తువ్వాలు నీ సంచిలో పడిందా అని అడిగింది, తువ్వాలు వెతికిచ్చి తల ఎత్తేసరికి కార్పో చెయ్యి ఖాళీ, అడిగితే చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడుగుతావేం అంటాడు, ఇప్పుడు అడుగుదామన్నా మిండా పడవ అంచు మీద సముద్రానికి వీపు పెట్టి కూర్చుని ఉంది, వీపున సిలిండర్, నడుముకు సీసం దిమ్మలు, కాళ్ళకు రబ్బరు రెక్కలు, మెడ కూడా తిప్పలేని ఈ వేషంలో తన మొగుడు ఏం చేస్తున్నాడో చూడాలంటే ఒళ్ళంతా తిరగాలి, తిరిగితే అందర్నీ నీళ్ళలోకి దింపే జున్‌రే ఊరుకోడు, కదలకక్కా, పట్టీ బిగిస్తున్నా, నువ్వు ఊడిపోతే నా పడవకు చెడ్డపేరు అంటున్నాడు, ఓరకంటితోనే చూసింది, కార్పో పడవ వెనక చివర చాప మీద బోర్లించిన బుట్ట పక్కన కూర్చుని గోరియో చెవిలో ఏదో ఊదుతున్నాడు, గోరియో తల ఆడిస్తున్నాడు, బస్సు తోలిన రోజుల నుంచీ అతనికి అదే అలవాటు, ఎవరేం చెప్పినా తల ఆడిస్తాడు, ఇద్దరూ కలిసి సాయంత్రం రమ్ము సీసా సంగతి మాట్లాడుకుంటున్నారు కాబోలు, ఒక్క చుక్క తాగనీ చెప్తా, డాక్టరు ముందు చెవులు రెండూ పట్టుకున్న మనిషి, ఉప్పు వద్దన్నారు, రమ్ము వద్దన్నారు, మెట్లు నెమ్మదిగా ఎక్కమన్నారు, సముద్రం అడుగు మాత్రం వద్దే వద్దన్నారు, గుండెలో సన్నటి గొట్టం పెట్టి పంపించారు, అందుకే ఈ ఏడు కార్పో పడవలో, మిండా నీళ్ళలో, ఆమెకు జంట గోరియో, ఇన్నేళ్ళలో ఇలా జరగడం ఇదే మొదలు.

వెళ్ళు వెళ్ళు, ఈసారైనా నీళ్ళ అడుగున ఆ చాపెల్ గుహ చూసిరా, నేను లేనుగా గాలంతా తాగెయ్యడానికి, అని కార్పో వెనక నుంచి అరిచాడు, అందరూ నవ్వారు, మిండా కూడా నవ్వింది, నవ్వేసరికి ముక్కు అద్దంలోకి గాలి దూరి అద్దం మసకబారింది, దాన్ని తీసి ఉమ్మి రుద్ది కడుక్కుంటుంటే నిన్న సాయంత్రం మెట్లు గుర్తొచ్చాయి, ఒడ్డు నుంచి బసకు కొండలో చెక్కిన మెట్లు, ఏటా ఎక్కేవే, సంచులు మోస్తూ పాటలు పాడుకుంటూ ఎక్కేవే, నిన్న మాత్రం మొదటి మలుపులోనే కార్పో ఆగిపోయి ఆ పడవ చూడు మిండా, కొత్తగా ఎర్ర రంగు వేశారు అన్నాడు, రెండో మలుపులో ఆగి ఈ బొప్పాయి చెట్టు పోయినేడు లేదు కదూ అన్నాడు, మూడో మలుపులో చెప్పడానికి పడవా లేదు చెట్టూ లేదు, ఊరికే చెప్పు విప్పి రాయి దులుపుకున్నాడు, అందరూ పైన నిలబడ్డారు, లోయిడా నడుం మీద చెయ్యి వేసుకుని ఏం మరిదీ, రొట్టెల పొయ్యి చల్లారిందా, మేం రాత్రికి అన్నం తినాలా వద్దా అంది, కార్పో నవ్వాడు, పొయ్యి కాదు వదినా, కట్టెలు తడిశాయి అన్నాడు, ఆ మాటకు అందరూ ఇంకా నవ్వారు, మిండాకు మాత్రం ఒళ్ళు మండింది, అతని మీదో లోయిడా మీదో తెలియలేదు, పడవలు రేపు చూద్దువులే రావయ్యా, అందరూ నీకోసమే నిలబడ్డారు అనేసి తను ముందుకు వెళ్ళిపోయింది, తర్వాత వరండాలో కాళ్ళు కడుక్కుంటూ అతను చాలా మామూలుగా, రేపు రొట్టెల్లోకి ఈస్టు తెప్పించాలి అన్నంత మామూలుగా అన్నాడు, వచ్చే ఏడాది నువ్వొక్కదానివే రా మిండా, నేనుంటే అందరికీ అడ్డం.

అప్పుడు ఏదో ఒకటి అనాల్సింది, అనలేదు, మాట తట్టక కాదు, ఆ క్షణంలో ఆమె బుర్రలో మెదిలింది వేరు, అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది, రేపు కార్పో దిగడు కాబట్టి రేపు చాపెల్ చూడొచ్చు అనుకుంది, అంతే అనుకుంది, మొగుడు ఇంక ఈ గుంపులోకే రానంటుంటే పెళ్ళాం అనుకోవలసిన మాటా అది, అక్కడ తమ ఊరు దుమగెటెలో ఇల్లూ రొట్టెల బట్టీ తప్ప ఇంకో లోకం లేదతనికి, తెల్లారకముందే పిండి పిసికేవాడికి ఏడాదికోసారి ఈ నాలుగు రోజులే పండగ, ఈ నలుగురే చుట్టాలు, ఇదీ మానేస్తే ఇంక ఆ పొయ్యి ముందే కూర్చుని తన గుండె చప్పుడు తను వింటూ ముసలివాడైపోతాడు, ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచీ ఇప్పటికే సగం అలాగే ఉన్నాడు, ఒకటి, రెండు, మూడు, అని జున్‌రే అరిచాడు, మిండా ఒక చేత్తో ముక్కు అద్దం, ఒక చేత్తో నోటి గొట్టం పట్టుకుని వెనక్కి ఒరిగిపోయింది, ఆకాశం, పడవకు రెండు పక్కలా కట్టిన వెదురు బొంగులు, కార్పో అరికాళ్ళు, అన్నీ ఒక్కసారి తిరగబడ్డాయి, నీళ్ళు చెవుల మీద మూసుకున్నాయి.

దిగుతుంటే చెవులు పట్టేస్తాయి, ముక్కు నొక్కి గాలి ఊదితే కుయ్యిమని తెరుచుకుంటాయి, ఆ చిన్న శబ్దం మిండాకు ఇష్టం, తలుపు గడియ తీసినట్టుంటుంది, కింద జున్‌రే పచ్చ రెక్కలు, అతని పక్కన లోయిడా, సముద్రంలో కూడా నడుం మీద చెయ్యి వేసుకున్నట్టే ఈదుతుంది, పక్కన గోరియో, ఎండుచేపలా సన్నగా నిటారుగా, వీళ్ళు ముగ్గురూ తనూ, కార్పో లేని చోటు నీళ్ళలో కూడా ఖాళీగానే కనిపిస్తోంది, అంత పెద్ద ఒళ్ళు మరి, ఒడ్డున నాలుగడుగులకు కుర్చీ వెతుక్కునే ఆ బండ మనిషి నీళ్ళలోకి దిగితే నిద్రపోతున్నట్టు తేలేవాడు, చెయ్యి కదిపేవాడు కాదు, కాలు ఎప్పుడో ఒకసారి ఆడించేవాడు, ఇంత నెమ్మదస్తుడు గాలి మాత్రం ఏనుగు నీళ్ళు తాగినట్టు తాగేస్తాడని అందరికీ ఆశ్చర్యం, పెద్ద కడుపు కదా, కడుపులో కూడా ఊపిరితిత్తులే ఉన్నాయి అని లోయిడా తేల్చింది, అప్పట్నుంచీ అదే పేరు, పడవలో సిలిండర్లు దించేటప్పుడు కార్పోకు రెండు ఇవ్వండ్రా అని హేళన, అతనూ నవ్వుతూ రెండు వేళ్ళు చూపించేవాడు, నవ్వులాటే కానీ మిండాకు లోపల గీరుకునేది, ఎందుకంటే జున్‌రే పద్ధతి అలాంటిది, సిలిండర్‌లో గాలి చూపించే గేజ్ మీద ఎవరి ముల్లు ముందు యాభైకి దిగితే వాళ్ళు గుండె మీద పిడికిలి పెట్టాలి, ఒకరు పిడికిలి పెడితే అందరూ పైకే, కలిసి దిగాం కలిసే లేస్తాం, నా పడవలో రెండు న్యాయాలు లేవు అంటాడు, ఆ దెబ్బకు ఏటా సరిగ్గా పగడాల గోడ మలుపు దగ్గరకు వెళ్ళడం, ఆ మలుపు దాటితే చాపెల్, రాతి కప్పులోంచి ఎండ చారలు చారలుగా దిగుతుందట, ముసలి తాబేలు ఒకటి అక్కడే పడుకుంటుందట, సరిగ్గా అక్కడికి వెళ్ళేసరికి కార్పో పిడికిలి, వెనక్కి తిరగడం, ఎన్నిసార్లు దెప్పింది, నీ మూలాన చాపెల్ చూడకుండానే పోతాను నేను, నా పెట్టెలో నీ సిలిండర్ కూడా పెట్టించు అంది ఒకసారి, దానికీ నవ్వాడు.

నిదానంగా, నిదానంగా, మిండా తనకు తను చెప్పుకుంది, ముక్కుతో కాదు నోటితో, లోపలికి మెల్లగా, బయటికి ఇంకా మెల్లగా, ఇది ఆమె ఆరోగ్య కేంద్రంలో రోజూ చెప్పే మాటే, పురిటి నొప్పులు పడే ఆడపిల్లల చెయ్యి పట్టుకుని ఊపిరి నిదానంగా తల్లీ, పారిపోదు, ఎక్కడికీ పారిపోదు అంటుంది, అని అనుకుంటుండగానే రంగురంగుల చేప ఒకటి ఎదురొచ్చింది, అదిగో అని వేలు చూపిస్తూ దాని వెంట కొంతదూరం కాళ్ళు కొట్టుకుంటూ వెళ్ళింది, అది రాతి సందులో దూరింది, ఇంకొకటి, పసుపూ నలుపూ, గోరియో ఇటు చూడు అని చెయ్యి ఊపింది, అతని భుజం గుంజింది, పైన వెండి చేపల గుంపు తిరుగుతోంది, అబ్బ, మెడ ఎత్తి చూస్తూ రెండు చేతులూ పులుసు కలిపినట్టు కలుపుతోంది, అదేం ఈతే, నీళ్ళు కలుపుతావా కూర కలుపుతావా అనేవాడు కార్పో, అతని మాట ఇక్కడ కూడా వినిపిస్తోంది, పైన పడవలోంచే వినిపిస్తోంది, మాత్ర వేసుకున్నాడో లేదో, ఎండలో కూర్చున్నాడో నీడలోకి జరిగాడో, పడవవాడితో చేపలు కాల్పించమని చెప్పడం మర్చిపోయింది, ఇంతలో ఎవరో తన గేజ్ పట్టుకుని లాగారు, చూస్తే గోరియో, కళ్ళు చిన్నవి చేసుకుని దాని ముల్లు చూస్తున్నాడు, మిండాకు నవ్వొచ్చింది, కార్పో గాలి సోకింది ఇతనికి కూడా, కార్పో కూడా ఇంతే, నాలుగు కాళ్ళు కొట్టాడంటే చాలు ఆమె గేజ్ అందుకుని చూసేవాడు, తన గాలి అయిపోతుంటే నా గాలి మీద కన్ను అని ఆమె పడవలో అందరికీ చెప్పి నవ్వించేది, తన గేజ్ మాత్రం ఎవరికీ కనిపించకుండా జాకెట్టు పట్టీ కిందికి దోపుకునేవాడు, రాళ్ళకు తగులుతుందని, ఎంతుంది అని ఆమె సైగ చేస్తే వేళ్ళతో చూపించేవాడు, ఎనభై, అరవై, అంతే, ఇక పిడికిలి.

గోరియో మళ్ళీ పట్టుకుని చూశాడు, ఇంకాసేపటికి మళ్ళీ, విసుగొచ్చి మిండా గేజ్ లాక్కుంది, ఏమయ్యా నీ గోల, ముందుకు చూడు, అదిగో గోడ మలుపు, అక్కడ నీళ్ళ రంగే మారిపోయింది, మలుపు అవతల నుంచి తెల్లటి వెలుగు పాలపొంగులా ఇవతలికి కాస్త తొంగిచూస్తోంది, జున్‌రే వెనక్కి తిరిగి అదే, అక్కడే అన్నట్టు చేత్తో చూపించాడు, మిండా గుండె కొట్టుకోవడం ఆమెకే వినిపించింది, వస్తున్నా, ఈసారి వస్తున్నా, కార్పో నీకు వచ్చి చెప్తాను, తాబేలు ఎంతుందో చేతులు చాచి చూపిస్తాను, అనుకుంటుండగా పక్కన గోరియో పిడికిలి బిగించి గుండె మీద పెట్టుకున్నాడు.

కాదు, అలా ఎలా, గోరియో ఏంటి, ఎండుచేప లాంటి మనిషి, రెండు ఊపిరులతో పూట గడుపుకునేవాడు, ఇతనికి గాలి అయిపోవడమేంటి, జున్‌రే దగ్గరకొచ్చి ఎంత అని సైగ చేశాడు, గోరియో అయిదు వేళ్ళూ చాచాడు, యాభై, మిండాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి, అప్పుడు చూసింది, గోరియోకు కార్పోలా దోపుకోవడం తెలియదు, అతని గేజ్ గొట్టం చివర వేలాడుతూ నీళ్ళలో ఊగి ఊగి సరిగ్గా ఆమె ముక్కు అద్దం ముందుకొచ్చి ఆగింది, ముల్లు నూట పదికి పైన ఉంది, ఇంకా గోడంతా తిరిగొచ్చేంత గాలి, అబద్ధం, ఎందుకయ్యా అబద్ధం, పెద్దమనిషివి, ఆమె దాన్ని చేత్తో పట్టుకుని జున్‌రేకు చూపించబోయింది, చూపించబోతూ రెండో చేతిలో ఉన్న తన గేజ్ చూసుకుంది, అరవై కూడా లేదు, ముల్లు ఎర్రగీత మీద కూర్చోవడానికి చోటు వెతుక్కుంటోంది, అదేంటి, ఇప్పుడే కదా దిగింది, గోరియో ముఖం చూసింది, అద్దం వెనక అతని కళ్ళు పంచదార డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిపోయిన పిల్లాడి కళ్ళలా ఉన్నాయి, జున్‌రే వంక చూసింది, అతను ఎన్నడూ చేపలు చూడనట్టు దూరంగా పోతున్న ఒక చేపను శ్రద్ధగా చూస్తున్నాడు, పొద్దున పడవ వెనక చివర గోరియో చెవిలో ఊదుతున్న కార్పో, తల ఆడిస్తున్న గోరియో, రమ్ము కాదు, రమ్ము గురించి కాదు ఆ గుసగుసలు.

తాడు పట్టుకుని అందరూ పైకి లేస్తున్నారు, పైకొచ్చే ముందు కొంచెం లోతులో తాడు పట్టుకుని కాసేపు వేలాడాలి, ఒంట్లో చేరిన గాలి మెల్లగా వదలాలని పద్ధతి, అక్కడ చేసేదేమీ ఉండదు, ఊపిరి పీల్చడం, వదలడం, మిండా తాడు పట్టుకుని వేలాడుతూ ఉంది, తన బుడగలు పైకి పోవడం చూస్తోంది, గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా, అన్నం ఉడుకుతున్నట్టు, పక్కన గోరియో బుడగలు అప్పుడొకటి అప్పుడొకటి, ఎప్పుడూ ఎందుకు చూడలేదు ఇది, చూసే ఉంటుంది, చూసినదాన్ని నమ్మలేదు, గురివింద గింజ తన నలుపెరగదు, ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు ఊరి ఆడవాళ్ళందరికీ ఊపిరి నేర్పే తాను, అయ్యో, మొదటి ఏడు, మొట్టమొదటిసారి ఈ గుంపుతో దిగినప్పుడు, అవును, మర్చేపోయింది, అంతగా మర్చిపోయిందంటే మర్చిపోవాలనే మర్చిపోయింది, ఆ ఏడు ముందు యాభైకి వచ్చింది తన ముల్లే, తనే గుండె మీద పిడికిలి పెట్టింది, అందరూ లేచారు, పడవలో లోయిడా ఏమ్మా, సముద్రమంతా నీ ఒక్కదానికేనా, మాకు కాస్త మిగల్చకూడదూ అంది, అందరూ నవ్వారు, మిండా నవ్వలేదు, వరండాలో కూర్చుని ఏడిచింది, ఇదే వరండాలో, కార్పో పళ్ళెంలో అన్నం తెచ్చిపెడితే ముట్టుకోలేదు, ఏమంది అప్పుడు, ఏమంది, వచ్చే ఏడాది నువ్వొక్కడివే రా, నేనుంటే అందరికీ అడ్డం, ఇవే మాటలు, నిన్న సాయంత్రం అతను కాళ్ళు కడుక్కుంటూ అన్న మాటలు తనవే, ఎప్పుడో తను అని పారేసుకున్నవే, అతను ఆ రోజు ఓదార్చలేదు, వాదించలేదు, ముందు అన్నం తిను అన్నాడంతే, ఆ తర్వాతి ఏడు మలుపు దగ్గర పిడికిలి పెట్టింది కార్పో, ఆ తర్వాత ప్రతి ఏడూ కార్పోయే, తను మాత్రం చూశారా, సాధన చేస్తే ఏదైనా వస్తుంది అని లోయిడా దగ్గర గొప్పలు పోయింది.

ఏటా పైకొచ్చాక కార్పో పడవ వెనక చివర అటు తిరిగి కూర్చుని సిలిండర్ మూత తిప్పేవాడు, బుస్సుమని ఎంతసేపో గాలి పోయేది, అబ్బ చెవులు చిల్లులు పడుతున్నాయి, ఏం చేస్తున్నావయ్యా అంటే మూతలో ఉప్పు పట్టకుండా కాస్త గాలి వదలాలే అనేవాడు, మిగిలిపోయిన గాలి, చాపెల్ దాకా వెళ్ళి తాబేలుతో కబుర్లు చెప్పి రావడానికి సరిపోయే గాలి, ఏటా ఎవరూ చూడకుండా ఆకాశంలోకి వదిలేసి, ఇటు తిరిగి కడుపు నిమురుకుంటూ నన్నేం చెయ్యమంటారర్రా, దేవుడు నాకు కొలిమితిత్తులు ఇచ్చాడు అని నవ్వించేవాడు, లోయిడాకు తెలియదు, తెలిస్తే దాగేది కాదు, ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, జున్‌రేకు తెలుసు, ఇప్పుడు గోరియోకు తెలుసు, ఇంకెవరికీ తెలియకూడదని ఇంత పెద్ద మనిషి ఇన్నేళ్ళు ఇంత చిన్న దొంగతనం చేశాడు, చాపెల్ చూడాలని అతనికి మాత్రం లేదా, ఒక్కసారి కూడా చూడలేదు కదా అతను కూడా, ముక్కు అద్దంలో నీళ్ళు చేరాయి, బయటి నీళ్ళు కావు, పద్ధతి ప్రకారం పై అంచు నొక్కి ముక్కుతో ఊదింది, పోయాయి, మళ్ళీ చేరాయి, లోయిడా తాడు మీద నుంచి చూసి బాగున్నావా అని సైగ చేసింది, బాగున్నానని మిండా వేళ్ళు కలిపి సున్నా చుట్టింది.

పడవలో కార్పో అందరికంటే ముందు మిండా చెయ్యి అందుకుని లాగాడు, లాగకూడదు, బరువు ఎత్తకూడదు, అని ఆమె తిట్టేలోగా అతనే అడిగాడు, ఏమైంది, ఇంత త్వరగా వచ్చారేం, చూశావా చాపెల్, అడుగుతూ గోరియో వంక చూడలేదు, చూడకపోవడంలోనే అంతా ఉంది, గోరియో మెడ వంచుకుని నేనేరా, ముసలి ఒళ్ళు, గాలి నిలవట్లేదు అన్నాడు, అబద్ధం చెప్పడం చేతకాని మనిషి చెప్పినట్టే చెప్పాడు, లోయిడా తల తుడుచుకుంటూ ఊరుకుంటుందా, ఆహా, బండోడి జబ్బు బక్కోడికి అంటుకుందన్నమాట, రేపు నాకూ అంటిస్తారు, ఇంక ఆ తాబేలే మనల్ని చూడ్డానికి పైకి రావాలి అంది, అందరూ నవ్వారు, కార్పో అందరికంటే గట్టిగా నవ్వాడు, నవ్వుతూ ఒక్క లిప్త మిండా ముఖంలోకి చూసి చూపు తిప్పుకున్నాడు, నోటిదాకా వచ్చింది ఆమెకు, గోరియోది కాదు నాది, ఇన్నేళ్ళూ నాదే, అని అందరి ముందూ చెప్పేస్తే తన బరువు దిగిపోతుంది, కానీ అతనిది ఏమవుతుంది, ఇంత జాగ్రత్తగా దాచిపెట్టి ఇచ్చిన దాన్ని నడివీధిలో గుడ్డ విప్పి చూపించినట్టవుతుంది, మింగేసింది, మాత్ర వేసుకున్నావా అంది, వేసుకున్నా, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు అడుగుతావేం అన్నాడు, కొబ్బరాకు పొట్లంలో ఉడికిన అన్నం విప్పి, కాల్చిన చేప ముళ్ళు తీసి ఆమె చేతిలో పెట్టాడు, ముందు తిను అన్నాడు, మిండా తింది, ఉప్పగా ఉంది, చేపదో కంటిదో తెలియలేదు, రెండు ముద్దలు తిని మూడోది అతని నోట్లో పెట్టింది, లోయిడా అబ్బబ్బ, మా కళ్ళు పోతాయి అని ముఖం తిప్పుకుంది.

ఒడ్డు దగ్గర దిగి సంచులు భుజాన వేసుకుని మెట్ల దగ్గరకు వచ్చారు, ఎండ వాలుతోంది, లోయిడా, జున్‌రే ముందు, వెనక గోరియో, ఆ వెనక మిండా, చివర కార్పో, అతని అడుగులు ఆమె వింటోంది, వెనక్కి తిరగకుండానే వింటోంది, ప్రసవం గదిలో తలుపు అవతల నుంచే నొప్పుల లెక్క కట్టగలిగిన చెవులవి, ఇన్నాళ్ళూ ఇంట్లో మనిషి ఊపిరి వినలేదు, ఇదిగో బరువెక్కింది, ఇదిగో రెండు అడుగులకు ఒకసారి, ఇదిగో మలుపు, ఇంకొక్క క్షణంలో ఆగి ఆ పడవ చూడు మిండా అంటాడు, లోయిడా నడుం మీద చెయ్యి వేసుకుంటుంది, అతను నవ్వుతాడు, వరండాలో కాళ్ళు కడుక్కుంటాడు, వచ్చే ఏడాది రాడు, గేజ్ పట్టుకుని చూడనక్కర్లేదు, ముల్లు ఎక్కడుందో తెలుస్తూనే ఉంది, అతను ఆగకముందే, అతను నోరు తెరవకముందే, మిండా ఆగిపోయింది, సంచి దించి మెట్టు మీద చతికిలబడింది, పిడికిలి బిగించి గుండె మీద పెట్టుకుని ఓ జున్‌రే, ఆగండర్రా, నా గాలి అయిపోయింది అని అరిచింది.

పైన జున్‌రే ఆగి వెనక్కి చూశాడు, ఆమె పిడికిలి చూశాడు, ఆమె వెనకున్న మనిషిని చూశాడు, తన సంచి దించి తను కూడా మెట్టు మీద కూర్చున్నాడు, కలిసి దిగాం కలిసే లేస్తాం, కూర్చో లోయిడక్కా, నా మెట్ల మీద కూడా రెండు న్యాయాలు లేవు అన్నాడు, లోయిడా ఏమైందే నీకు, పాతికేళ్ళ పిల్లలా పరిగెత్తేదానివి, మోకాళ్ళు కూడా నీ మొగుడికి అరువిచ్చావా అంటూనే కూర్చుంది, కూర్చుని అమ్మయ్య అని చెప్పులు కూడా విప్పింది, ఆమెకూ కూర్చోవాలని ఉందేమో ఎవరికి తెలుసు, గోరియో కూర్చుని తల ఆడించాడు, కార్పో నిలబడే ఉన్నాడు, మిండా గుండె మీద పిడికిలినే చూస్తున్నాడు, తర్వాత మెల్లగా ఆమె పక్కన మెట్టు మీద ఒదిగి కూర్చున్నాడు, ఊపిరి పీలుస్తున్నాడు, పెద్దగా, దాచుకోకుండా, ఎంతుంది అన్నాడు చివరికి, ఆమె అయిదు వేళ్ళు చాచింది, యాభై, అతను ఆ చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి, అద్దాలు లేకుండా గేజ్ చదివేవాడిలా కళ్ళు చిన్నవి చేసుకుని చూశాడు, ఊఁ, నిజమే అన్నాడు, కాసేపు కూర్చో, కాస్త గాలి వదులు, ఉప్పు పట్టకుండా ఉంటుంది, అన్నాడు, కింద నీళ్ళలో పడవవాడు వెదురు బొంగులు కడుగుతున్నాడు, వచ్చే ఏడాది కింద ఇసుక ఒడ్డున ఏదైనా చిన్న గది అడుగుదాం, మెట్లుండవు అంది ఆమె, వద్దు, పైన గాలి బాగుంటుంది, నువ్వు నాలుగుసార్లు ఆగితే సరిపోతుంది అన్నాడు అతను, ఆగుతాను, నాలుగు కాదు నలభై సార్లు ఆగుతాను అనుకుంది, ఎవరికి ఊపిరి తక్కువైతే వాళ్ళ నడకే అందరి నడక, అందులో అడ్డమేమీ లేదు, ఇన్నేళ్ళు తను ఈ గుంపులో హాయిగా తేలింది ఆ ఒక్క న్యాయం మీదే, అది తనకు తెలియకుండా పక్కన ఒక మనిషి తన పిడికిలి పెట్టి కాపాడాడు కాబట్టే తేలింది, ఇప్పుడు పిడికిలి పెట్టే వంతు తనది, చాపెల్ ఎక్కడికీ పారిపోదు, మిండా చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అతని ఊపిరి నిదానించేదాకా అందరూ ఆ మెట్ల మీదే కూర్చున్నారు.